కన్ను పోతే నలభై శాతం

క్వారీలో బండ పగలగొడుతుండగా రాతి ముక్క ఎగిరివచ్చి తగిలితే ఒక కూలీ కన్ను తీసివేయవలసి వచ్చింది అనుకుందాం. ఆ కంటికి చట్టం ఎంత పరిహారం కడుతుంది? ఎం.ఏ. విద్యార్థుల చేత ఏటా ఈ లెక్క వేయిస్తుంటాను. కార్మిక చట్టం పాఠమని మొదలుపెట్టినవారు గంట ముగిసేసరికి కులం గురించి వాదించుకుంటూ బయటికి వెళతారు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టానికి ఒక పట్టిక ఉంది. ఏ అవయవం పోతే సంపాదనా శక్తి ఎంత శాతం తగ్గినట్టో అందులో రాసి ఉంటుంది. రెండు చేతులూ పోతే 100, బొటనవేలు పోతే 30, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైనవారికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేస్తారు. ముప్ఫై ఏళ్లవారికి ఆ గుణకం 207.98. నెలకు 8,000 రూపాయల కూలీకి మొత్తం 9,98,304 అవుతుంది. కంటికి అందులో 40 శాతం, అంటే సుమారు 3 లక్షల 99 వేలు. అదే కన్ను 15,000 జీతగాడిదైతే 7 లక్షల 48 వేలు. 2020 జనవరి నుంచి 15,000 గరిష్ఠ పరిమితి. అంతకు మించి సంపాదించినా లెక్కలోకి రాదు. 2020 సామాజిక భద్రతా కోడ్ పాత చట్టాన్ని తనలో కలుపుకున్నా, లెక్క కట్టే పద్ధతి అదే.

కన్ను ఒకటే, ధర రెండు. చట్టం కులం పేరెత్తదు. అయితే వేతనాన్ని కొలమానంగా తీసుకున్న క్షణంలోనే ఆ వేతనం వెనుక ఉన్నదంతా తోడువస్తుంది. తెలుగు నేలమీద బండ కొట్టే పని తరతరాలుగా వడ్డెరల వంతు. మురుగు ఎత్తే పని దళితుల వంతు, అందులోనూ మాదిగలు, రెల్లి వంటి కులాలవారి వంతు. కులమంటే శ్రమ విభజన మాత్రమే కాదని, శ్రామికులనే విభజించి నిచ్చెన మెట్ల మీద నిలబెట్టేదని అంబేడ్కర్ 1936లో చెప్పాడు. అతి ప్రమాదకరమైన పనికి అతి తక్కువ కూలి దక్కేది ఆ నిచ్చెన అడుగునే. ప్రమాదమూ అక్కడే ఎక్కువ, పరిహారమూ అక్కడే తక్కువ.

పట్టికే సర్వస్వం కాదని చెప్పిన తీర్పు ఒకటుంది. సినిమాహాలు పనిలో కిందపడి ఎడమచేయి పోగొట్టుకున్న ఒక వడ్రంగి కేసు 1975లో సుప్రీంకోర్టుకు చేరింది. చేయి పోయినా శక్తి పూర్తిగా పోలేదు కదా అని యజమాని వాదన. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి నష్టం నూటికి నూరు శాతమేనని కోర్టు తేల్చింది. పోయిన అవయవాన్ని గాక, ఆ మనిషి చేస్తూ వచ్చిన పనిని చూడాలన్నమాట. ఒంటికన్నుతో బండ మీద సుత్తి దెబ్బ గురి తప్పకుండా వేయగలడా అన్నది కూడా ఈ వెలుగులో అడగవలసిన ప్రశ్నే. ఆ ప్రశ్న అడిగే వకీలు క్వారీ కూలీకి దొరకడమే అరుదు.

ఇక్కడ మరో చిక్కు ఉంది. పరిహారపు పట్టిక కన్ను నష్టాన్ని 40 శాతమంటే, వికలాంగుల ధ్రువపత్రం ఇచ్చే వైద్యుల మార్గదర్శకాల్లో ఒంటికన్ను వ్యక్తికి 30 శాతమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రిజర్వేషన్లకు, చాలా పథకాలకు కనీసం 40 శాతం కావాలి. ఒకే శరీరాన్ని రెండు కార్యాలయాలు రెండు రకాలుగా కొలుస్తాయి. కూలీ ఒకచోట వికలాంగుడు, మరోచోట కాడు.

అంబేడ్కర్ వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో రూపుదిద్దుకొని 1948లో చట్టమైన ఈఎస్ఐ ఇంతకంటే మేలైనది. శాశ్వత వైకల్యానికి వేతనంలో 90 శాతం రేటున, పోయిన సామర్థ్యానికి తగినట్టు, జీవితాంతం నెలనెలా చెల్లిస్తుంది. కానీ రిజిస్టరే లేని క్వారీలో దానికి చోటెక్కడ?

వేతనంతో ముడిపెట్టని పరిహారం ఒకే ఒక చోట గెలిచింది. అది మురుగు గుంతల దగ్గర. 2023 అక్టోబరులో బల్‌రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మ్యాన్‌హోల్ మరణానికి 30 లక్షలు, శాశ్వత వైకల్యానికి కనీసం 20 లక్షలు, ఇతర వైకల్యానికి కనీసం 10 లక్షలు చెల్లించాలని ఆదేశించింది. దీని వెనుక సఫాయి కర్మచారీ ఉద్యమం ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. మరణానికి 10 లక్షలన్న 2014 తీర్పూ ఆ సంస్థ తెచ్చుకున్నదే. అదే సూత్రం బండ దగ్గరికి, ఇటుక బట్టీ దగ్గరికి ఎందుకు రాదని అడిగేవారు తక్కువ.

ఊళ్లో జరిగేది వేరు. ఆసుపత్రి చీటీలో ఇంట్లో జారిపడ్డాడని రాయిస్తారు. హాజరుపట్టీలో పేరుండదు. మేస్త్రీ, ఇద్దరు పెద్దమనుషులు వచ్చి ఇరవై వేలో ముప్ఫై వేలో చేతిలోపెట్టి, ఇక ఏ హక్కూ లేదని స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటారు. ఎదురుగా కూర్చున్నది భూస్వామి కులమైతే కాదనే ధైర్యం ఎవరికి? నిజానికి హక్కు వదులుకుంటున్నట్టు రాసిన ఏ ఒప్పందమూ ఈ చట్టం ముందు చెల్లదు. మరణ పరిహారాన్ని కార్మిక కమిషనర్ వద్దే జమచేయాలి. నేరుగా కుటుంబం చేతికిస్తే పరిహారం చెల్లించినట్టే కాదు. కాంట్రాక్టరు చేయించిన పని తన వ్యాపారంలో భాగమైతే అసలు యజమానీ బాధ్యుడే. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే బాకీలో సగం దాకా జరిమానా.

దావాకు గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే కమిషనర్ ఆ తరువాత కూడా స్వీకరించవచ్చు. వేలిముద్ర వేయించుకున్న ఆ కాగితం నకలు దొరికితే, దాన్ని కూడా దరఖాస్తుకు జతచేయాలి. పని చేయించింది ఎవరో, ప్రమాదం ఎక్కడ జరిగిందో యజమాని తన చేత్తో రాసి ఇచ్చిన సాక్ష్యం చాలా కేసుల్లో అదొక్కటే.