నూలుపోగుతో కొలిచిన గౌను



సమూయేలు తల్లి హన్నా మీకు తెలిసిన స్త్రీయే. మందిరంలో విడిచివచ్చిన కొడుకు కోసం ప్రతి సంవత్సరం ఒక చిన్న అంగీ తయారుచేసి, షిలోహుకు వెళ్లినప్పుడు ఇచ్చేదని మొదటి సమూయేలు గ్రంథం రెండో అధ్యాయం చెబుతుంది. సండేస్కూలు రోజులనుండి వింటున్న కథే. అయినా పసిబిడ్డకు బట్టలు కుట్టే పని మా ఇంటికి వచ్చేవరకు ఒక సంగతి మాకు తోచలేదు. ఏడాదిపాటు దూరంగా ఉన్న బిడ్డకు ఆ తల్లి కొలత ఎలా తెలుసుకుంది?

మాది బూర్గంపాడు. మా అమ్మాయి హైదరాబాదులో నర్సు ఉద్యోగంలో చేరుతూ ఏడాది నిండిన పాపను మా దగ్గర వదిలి వెళ్లింది. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు సెలవు దొరకలేదు. రెడీమేడ్ గౌను ఒకటి కొని పంపింది. నెట్టు గుడ్డ, చమ్కీలు, నడుముకు గట్టి పట్టీ. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. ఆరాధన సగమైనా కాకముందే పాప ఏడుపు లంకించుకుంది. ఇంటికి తెచ్చి విప్పి చూస్తే మెడచుట్టూ, చంకల కింద ఒళ్లంతా ఎర్రగా గీరుకుపోయి ఉంది. ఫోనులో ఈ మాట చెప్పగానే మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ఇకనుండి నేనే కుడతానమ్మా" అంది.

అన్నట్టే సెలవు రోజుల్లో కూర్చుని చేత్తోనే ఒక గౌను కుట్టి ఈస్టరుకు పంపింది. మెత్తని కాటన్ గుడ్డ, మెడ దగ్గర చిన్న చిన్న పువ్వులు. తొడగబోతే అది పాప తల దాటలేదు! తాను వదిలి వెళ్లిన నాటి పాపను తలచుకుని కుట్టింది మరి. ఈలోగా పాప పెరిగింది.

అప్పుడు మా ఇంటి పెద్దావిడ ఒక ఉపాయం చెప్పింది. మూడు నూలుపోగులు తీసుకున్నాం. ఒకటి ఛాతీ చుట్టూ, ఒకటి కనుబొమల పైగా తల చుట్టూ, ఒకటి భుజం నుండి మోకాలి వరకు పెట్టి కొలిచి తెంపాం. ఏ పోగు దేనిదో తెలిసేలా ఒకటి, రెండు, మూడు ముడులు వేసి కవరులో పోస్టు చేశాం. ఆ తరువాత వచ్చిన గౌను పాపకు చక్కగా సరిపోయింది.

కొలతలో గమనించవలసినవి

పుట్టినప్పుడు బిడ్డ పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. ఏడాది నిండేసరికి 75 అవుతుంది. రెండో ఏట ఇంకో 12 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పైగా పసిబిడ్డల తల, ఒంటితో పోలిస్తే పెద్దది. ఏడాది బిడ్డ తల చుట్టుకొలత 46 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పెద్దవాళ్ల జాకెట్టు లెక్కన మెడ కత్తిరిస్తే మా అమ్మాయికి జరిగినట్టే జరుగుతుంది. మెడ గుండ్రం 27 సెంటీమీటర్లు ఉంచి, వెనుక 12 సెంటీమీటర్ల చీలిక ఇస్తే తెరిచినప్పుడు మొత్తం 51 అవుతుంది. తల సులువుగా పడుతుంది. ఛాతీ కొలతకు 8 నుండి 10 సెంటీమీటర్లు వదులు కలపాలి.

కింది అంచు మూడు అంగుళాలు లోపలికి మడవండి. బిడ్డ పెరిగినకొద్దీ విప్పి పొడవు చేసుకోవచ్చు. అంచుకు కాస్త పైన రెండు సన్నని టక్కులు వేస్తే అవీ తరువాత పనికొస్తాయి.

గుడ్డ, దారం

మన ప్రాంతపు ఎండలు మీకు చెప్పనక్కరలేదు. చెమట పీల్చే మల్లు, కేంబ్రిక్ వంటి నూలు గుడ్డలే పసివాళ్లకు హాయి. పుట్టిన బిడ్డకు కొత్తవి వేయక, ఉతికిన పాత చీర చింపి పొత్తిగుడ్డలు చేయడం మన పెద్దల అలవాటు. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ మెత్తబడుతుంది, గంజి పోతుంది, లేత చర్మాన్ని గీరదు. ఆ అలవాటులో మంచి బుద్ధి ఉంది.

కొత్త గుడ్డయితే రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. రంగు దారాన్ని తడిపి తెల్లగుడ్డ మధ్య నొక్కి చూడండి. రంగు అంటితే ఆ దారం వాడవద్దు.

పువ్వులు ఎక్కడ కుట్టాలి?

గొలుసుకుట్టు, కాడకుట్టు, లేజీ డైజీ – ఈ మూడు వస్తే చాలు. పువ్వులు ముందు భాగంలో, అంచుపైన, జేబు మీద వేయండి. మెడకు, చంకలకు తగిలేచోట వద్దు. బట్టకు వెనుకవైపు ముడులే బిడ్డను గుచ్చేవి. అందుకని ముడి వేయక దారపు కొసను కుట్ల కిందినుండి దూర్చి తెంపండి. ఆపైన వెనుక మల్లుగుడ్డ ముక్క అతికి కుడితే ఇంకా మేలు.

పూసలు, చమ్కీలు, వదులు గుండీలు పసివాళ్ల బట్టలకు తగవు. ఊడితే నోట్లో పెట్టుకుంటారు, గొంతుకు అడ్డుపడవచ్చు. మెడ దగ్గర లాగి కట్టే తాళ్లూ వద్దు. అవి ఎక్కడైనా చిక్కుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉన్నందున, పిల్లల పైబట్టల్లో మెడ, టోపీ తాళ్లు మానమని 1996లోనే అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ సూచించింది. నైలాన్, పాలియెస్టర్ నెట్టు నిప్పుకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. నూలు కూడా అంటుకునేదే గనుక ఏ గౌను వేసినా పొయ్యి దగ్గరకు పిల్లను పోనివ్వరాదు. పని ముగియగానే సూదులు లెక్కపెట్టుకోవడం మరువకండి.

మన చేతుల పనితనం

సూది, దారం పని మన ప్రాంతానికి కొత్త కాదు. గోదావరి దాటి, భద్రాచలం మీదుగా ఎగువకు వెళితే దుమ్ముగూడెం వస్తుంది. అక్కడ 1860లో చర్చి మిషనరీ సొసైటీ పని మొదలైంది. తరువాతి కాలంలో ఆ మిషనులో స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. దుమ్ముగూడెం లేసు విదేశాలకూ చేరింది. దిగువన నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే అంత అందమైన లేసు అల్లినవారికి దక్కిన కూలి ఎంత తక్కువో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో వచ్చిన తన పుస్తకంలో చూపించింది. దూరదేశాల ఇళ్లను అలంకరించిన అటువంటి చేతులు సొంత బిడ్డకూ ఒక గౌను కుట్టుకుంటే అది ఆ ఇంటి సంతోషం. మీటరు గుడ్డ, కొన్ని సాయంకాలాలు చాలు.

మరుసటి క్రిస్మస్‌కు మా అమ్మాయికి సెలవు దొరికింది. వచ్చిన రాత్రే పాపను నిలబెట్టి చూసింది. గౌను మోకాళ్లకు పైకి పోయింది. నూలుపోగు అవసరం లేకుండా పోయిందని నవ్వుతూ అంచు విప్పి పొడవు చేసింది. పాత మడత గీత మాత్రం ఇస్త్రీకి పోలేదు. ఆ గీత వెంబడే ఎర్ర దారంతో గొలుసుకుట్టు వేస్తూ కూర్చుంది. పాప ఆమె ఒడిలోనే నిద్రపోయింది.

తల్లులారా, అమ్మమ్మలారా, ఈ వారమే ఒక నూలుపోగు తీసి మీ బిడ్డను కొలిచి చూడండి. మీరు అనుకున్నదానికంటె పెరిగే ఉంటుంది.