చిన్న కుక్కకు కాలేయ వ్యాధి వచ్చినచో గాదె కూడ చూడవలెను

హైదరాబాదులో ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతములలో పొమరేనియన్ వంటి చిన్న జాతి కుక్కలను పెంచు కుటుంబములు కలవు. పల్లెనుండి వచ్చి నాంపల్లి స్టేషనులో దిగు రైతు, బంధువులకు ఒక సంచి వేరుశనగ కాయలో, మొక్కజొన్నలో తెచ్చుట మన వాడుక. అందులో బూజు పట్టిన గింజలను ఏరి, "కుక్కకే కదా" యని దాని తిండిలో కలుపుట మాత్రము ప్రమాదకరము.

విషము ఎట్లు పుట్టును?

పంట చివరి దశలో బెట్ట తగిలినను, కోసిన పంట వానకు తడిసినను, గింజపై ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పెరుగును. అది తయారుచేయు విషమే ఆఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, వాటికి మేపిన వేరుశనగ పిండిలో ఈ విషము బయటపడినది. వండినను, కాల్చినను ఇది పూర్తిగా నశించదు. ఇది ముఖ్యముగా కాలేయమును చెరచును.

కుక్క ఈ విషమునకు త్వరగా లోబడు జంతువు. అందునను శరీరము చిన్నదైనకొలది హాని హెచ్చు. ఒకే రొట్టెముక్కను 20 కిలోల కుక్క, 3 కిలోల కుక్క తిన్నచో, చిన్నదానికి కిలో బరువుకు సుమారు ఏడు రెట్లు విషము చేరును.

1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామములలో అకాల వర్షములకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడగా, 106 మంది మరణించిరి. ఆ ఇండ్ల కుక్కలకు కూడ కామెర్లు, పొట్టలో నీరు వచ్చినవి. దీనిని పరిశోధించినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఉన్నారు.

గుర్తులు

తిండి మానుట, వాంతులు, మందకొడితనము, కండ్లు, చిగుళ్ళు పచ్చబడుట, మూత్రము ముదురు పసుపు రంగులో వచ్చుట, మలము నల్లబడుట, పొట్ట ఉబ్బుట.

ఏమి చేయవలెను?

1. అనుమానపు తిండిని వెంటనే ఆపి, కొంత నమూనా దాచవలెను.
2. ఆలస్యము చేయక పశువైద్యునికి చూపవలెను. ఆబిడ్స్ వారికి సమీపమున నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నది. రక్తపరీక్షవలన కాలేయ స్థితి తెలియును.
3. మనుష్యుల మాత్రలు, ముఖ్యముగా పారాసిటమాల్, ఇవ్వరాదు.
4. డాక్టరు చెప్పిన పథ్యమును కొద్దికొద్దిగా పలుమారులు పెట్టవలెను.

కామెర్లన్నియు బూజువలననే రావు. ఎలుకల మూత్రముద్వారా వచ్చు లెప్టోస్పైరోసిస్ వలనను రావచ్చును. అది మనుష్యులకు కూడ సోకును గనుక, అట్టి కుక్క మూత్రమును వట్టిచేతులతో తాకరాదు. కొన్ని చిన్న జాతులలో పుట్టుకతోనే కాలేయ రక్తనాళముల లోపము ఉండును. కారణమును వైద్యుడే తేల్చవలెను.

గాదె దగ్గర జాగ్రత్తలు

వేరుశనగ కాయలను 8 శాతము, మొక్కజొన్నను 12 శాతము తేమకు మించకుండ ఎండబెట్టవలెను. కాయను గలగరించిన గింజ చప్పుడు వినబడవలెను. బస్తాలను నేలపై కాక చెక్కలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. పగిలిన, ముడుతపడిన, బూజు పట్టిన గింజలను ఏరి పాతిపెట్టవలెను. పశువులకు కూడ వేయరాదు. ఆ విషము పాలలోనికి దిగును.

ఇంటి కుక్క కండ్లు పచ్చబడినపుడు దాని వైద్యముతో సరిపెట్టుకొనక, ఆ పూటనే గింజల బస్తా విప్పి చూడుడు. ఆ బస్తాలోని గింజలనే మీ పిల్లలును తినుచుందురు.