పేరు మారితే ప్లాన్ మారినట్టేనా?

అట్ట మీద ‘మీ కోసం ప్రత్యేకంగా’ అని రాసి, కింద మీ పేరు వేసి, లోపల రంగురంగుల చార్టులు పెట్టిన పాతిక పేజీల ఫైలు ఎప్పుడైనా మీకు మెయిల్‌లో వచ్చిందా? పెట్టుబడి సలహా సంస్థలు కొత్తవాళ్లకు పంపే ప్రపోజల్ అది. అలాంటివి తయారుచేసే సాఫ్ట్‌వేర్ రాయడమే నా ఉద్యోగం. ఇంజినీరింగ్ అయ్యాక ఒక సలహా సంస్థలో చేరి ఐదేళ్లయింది. వివరాలు నింపి బటన్ నొక్కితే నిమిషంలోపే ఆ పాతిక పేజీలూ వచ్చేస్తాయి. అది నిజంగా మీ కోసం వేసిన ప్లానా, అందరికీ ఇచ్చే కాగితం మీద మీ పేరు అతికించారా? అది కనిపెట్టడం పెద్ద కష్టమేం కాదు. లోపలి నుంచి చూస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ధైర్యం వేరు, స్తోమత వేరు

మంచి ప్రపోజల్‌కి మూడు సంగతులు తెలియాలి. చేతిలో ఏముంది, ఏ అవసరానికి ఎప్పుడు ఎంత కావాలి, నష్టం వస్తే ఎంతవరకు తట్టుకోగలరు. సెబీ 2013లో తెచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్టరైన సలహాదారు ఈ మూడోదాన్ని తప్పనిసరిగా అంచనా వేయాలి. ఇచ్చే సలహా ఆ మనిషికి తగినదై ఉండాలి.

చిక్కంతా ఆ మూడోదానితోనే. ‘మార్కెట్ 20 శాతం పడితే ఏం చేస్తారు?’ అని ఫారంలో అడుగుతాం. ‘ఇంకా కొంటాను’ అని టిక్ పెట్టడానికి ఒక్క సెకను చాలు. అది ధైర్యం. నిజంగా పడినప్పుడు ఇల్లు గడుస్తుందా లేదా అన్నది స్తోమత. అందుకే మా ప్రోగ్రామ్‌లో రెండింటికీ వేర్వేరు మార్కులుంటాయి. రెండింట్లో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. తేడా మరీ ఎక్కువైతే ప్రపోజల్ బయటికి పోకుండా ఆపేసి, సలహాదారుకి కబురు పెడుతుంది.

తెల్లవారుజామున నింపిన ఫారం

ఆ మధ్య ఒక ప్రపోజల్ అలాగే ఆగింది. ఆయన్ని గుర్తుపట్టకుండా వివరాలు కాస్త మార్చి చెబుతున్నాను. కరీంనగర్ వైపు ఆయన. అరవై ఏళ్లు నిండి రిటైరవుతున్నారు. చేతికి రాబోయేది 60 లక్షలు. ఫారంలో అన్నీ ధైర్యమైన జవాబులే. ‘మొత్తం ఈక్విటీలో పెట్టాలని ఉంది’ అని కూడా రాసుంది. స్తోమత మార్కు మాత్రం అడుగున ఉంది.

మా సీనియర్ మేడమ్ నన్ను పిలిచి, “ఈ ఫారం ఎప్పుడు నింపారో చూస్తావా?” అన్నారు. మన టైములో తెల్లవారుజాము మూడింటికి, అమెరికా నుంచి. సంగతి అర్థమైపోయింది. ఆవిడ ఫోన్ చేశారు.

“సార్, మార్కెట్ పడితే ఇంకా కొంటానని రాశారు?”

“నేనెక్కడ రాశానమ్మా! మావాడు రాసుంటాడు. వాడికి ఈ షేర్లవీ బాగా తెలుసు. ఒక్కటే చెప్తున్నా, అమ్మాయి పెళ్లి డబ్బు మాత్రం కదలకూడదు. మిగతాది మీ ఇష్టం.”

“మీ ఇష్టం అనకండి సార్. ఆ మిగతాదాని గురించే మాట్లాడదాం.”

ముప్పావుగంట మాట్లాడారు. ఏడాదిన్నరలో పెళ్లి, దానికి 15 లక్షలు. ఇంటి అప్పు ఇంకా 9 లక్షలు, ఐదేళ్ల కిస్తీలు. అప్పు కిస్తీ పోగా ఇంటి ఖర్చు నెలకు 30 వేలు. పై పోర్షన్ అద్దె 12 వేలు, ఈపీఎఫ్ పెన్షన్ ఐదు వేలు వస్తాయి. కొడుకు నింపిన ఫారంలో పెళ్లీ లేదు, అప్పూ లేదు. తండ్రి మీద ప్రేమ లేక కాదు. ముప్పై ఏళ్ల వయసులో, డాలర్ల జీతంతో, తను తట్టుకోగలిగిన నష్టాన్నే తండ్రి పేరున రాశాడు.

అరవై లక్షలు, ఐదు కుప్పలు

సలహా ఒప్పందం మీద సంతకం కాకముందు సలహా ఇవ్వకూడదు, ఫీజు తీసుకోకూడదు అన్నది సెబీ నిబంధన. అందుకే మా ప్రపోజల్‌లో ఏ ఫండ్ కొనాలో ఉండదు. డబ్బును ఎలా విడదీసి చూడాలో చిత్తు లెక్క, మా ఫీజు వివరం ఉంటాయి. ఆయనకు మేడమ్ వేయించిన లెక్క ఇది.

పెళ్లికి 15 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో. ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్లకు బీమా వడ్డీతో కలిపి 5 లక్షల వరకే కాబట్టి ఒకేచోట పెట్టకుండా విడగొట్టి. ఇంటి అప్పుకు 9 లక్షలు. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్‌లోన్ ముందే తీర్చేస్తే పెనాల్టీ ఉండదు. 9 శాతం వడ్డీ లెక్కన నెలకు పద్దెనిమిదిన్నర వేలు దాటే కిస్తీ పోతుంది. ఆసుపత్రి వంటి అవసరాలకు 5 లక్షలు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 22 లక్షలు. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 45,100 రూపాయలు, అంటే నెలకు 15 వేలు. అద్దె, పెన్షన్ కలిపితే 32 వేలు. ఇల్లు గడిచిపోతుంది.

మిగిలిన 9 లక్షలే ఈక్విటీకి, అదీ పదేళ్లు ముట్టుకోనంటేనే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇప్పటి 30 వేల ఖర్చు పన్నెండేళ్లకు 60 వేలవుతుంది. దాన్ని అందుకోవడానికి ఆ కుప్ప.

మరి కొడుకు అడిగినట్టు మొత్తం ఈక్విటీలో పెడితే? 2020 జనవరి నుంచి మార్చి దాకా నిఫ్టీ దాదాపు 38 శాతం పడింది. పెళ్లికి దాచిన 15 లక్షలు అలాంటప్పుడు 9 లక్షల 30 వేలవుతాయి. ఆ ఏడాది నవంబరుకల్లా నిఫ్టీ మళ్లీ పాత స్థాయికొచ్చిన మాట నిజమే. కానీ మార్కెట్ కోలుకునేదాకా ముహూర్తం ఆగదుగా!

ఎవరికి లాభం?

ఇక్కడ మా వైపు చిక్కు కూడా చెప్పాలి. సలహా కింద ఉన్న ఆస్తి మీద శాతం లెక్కన ఫీజు తీసుకోవచ్చు. ఏడాదికి రెండున్నర శాతం మించకూడదు. ఒక శాతం అనుకున్నా, 60 లక్షలూ మా సలహాలోకి వస్తే 60 వేలు. పై లెక్క ప్రకారం మాకు మిగిలేది 9 లక్షలు, అంటే 9 వేలు. సేల్స్ వాళ్లు గొణిగారు. “అప్పు తీర్చుకోమని చెప్పడానికి మనమెందుకు?” అన్నారు. మేడమ్ మాత్రం ఒక్క అంకె కూడా మార్చనివ్వలేదు.

కొడుకూ ఫోన్ చేశాడు. “ఎఫ్‌డీలు, పోస్టాఫీసు స్కీములు మాకు తెలియవా? మీరు చేసిందేముంది?” అని గట్టిగానే అడిగాడు. చివరికి ఆయన మా క్లయింట్ కాలేదు. నెల తర్వాత ఆయనే మేడమ్‌కి ఫోన్ చేసి, ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకెళ్లి అప్పు కట్టేశాననీ, పెళ్లి డబ్బు మూడు బ్యాంకుల్లో వేశాననీ చెప్పారట. మా సిస్టమ్‌లో ఆయన పేరు ఎదురుగా ‘లాస్ట్’ అని ఉంటుంది, పోగొట్టుకున్న కేసని. నేను ఈ ఐదేళ్లలో చూసిన ప్రపోజల్స్‌లో ఇంత బాగా పనికొచ్చింది ఇంకోటి లేదు.

మీ చేతికి వస్తే ఏం చూడాలి?

మీ లక్ష్యాలు తేదీలతో ఉన్నాయా? ‘దీర్ఘకాలిక సంపద’ అని మాత్రమే ఉంటే అది ఎవరికైనా సరిపోయే కాగితమే.

మీ అప్పుల గురించి ఒక్క మాటైనా ఉందా? అధిక వడ్డీ అప్పు పెట్టుకుని పెట్టుబడి పెట్టమంటే ఆలోచించండి.

మార్కెట్ పడితే మీ డబ్బు ఎంతకు తగ్గొచ్చో రూపాయల్లో చెప్పారా? పెరిగే చార్టు మాత్రమే చూపిస్తే అడగండి. రాబడికి గ్యారంటీ ఇస్తే ఇక అడగక్కర్లేదు, వదిలేయండి.

వాళ్లకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది? సలహాదారు మీ దగ్గర ఫీజు తీసుకుంటారు. డిస్ట్రిబ్యూటర్‌కి ఫండ్ కంపెనీ కమీషన్ ఇస్తుంది. కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచి ఉన్నాయి. ఖర్చులో తేడా చిన్నదే అనుకోవద్దు. నెలకు 10 వేల చొప్పున ఇరవై ఏళ్లు కడితే, 12 శాతం రాబడికి దాదాపు కోటి, 11 శాతానికి 87 లక్షల చిల్లర వస్తుంది. ఒక్క శాతానికి పన్నెండు లక్షలు!

సలహాదారు రిజిస్ట్రేషన్ నంబరు ‘ఐఎన్ఏ’తో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం, ఫారం మీరే నింపండి. పిల్లలు పక్కన కూర్చుని సాయం చేయొచ్చు, జవాబు మాత్రం మీదై ఉండాలి. అమెరికాలో ఉన్న పిల్లలకూ ఇదే మాట. అమ్మానాన్నల తరఫున టిక్ పెట్టే ముందు ఒక్కసారి ఫోన్ చేయండి. నష్టం వస్తే రాత్రి నిద్రపట్టనిది వాళ్లకి.