బిగించిన తరువాత వేసే తీగె

"డాక్టరువి కదా, రక్తపోటు మీదో చక్కెర వ్యాధి మీదో ఏదైనా రాసిపెట్టు" అని మన సంపాదకులు అడిగారు. ఆ రెండింటి విషయంలో మీరంతా ఇప్పటికే మీమీ డాక్టర్ల చేత చీవాట్లు తినే ఉంటారు. అందుచేత ఈసారికి ఒక పాత కారు ఇంజను గురించి రాస్తాను. డాక్టరుకి ఈ గొడవ ఎందుకని మా ఆవిడ కూడా అడిగింది. జవాబు చివర్లో ఉంది.

డెట్రాయిట్ శివార్లలో మా పక్కింటి పెద్దాయన విమానాల మెకానిక్కుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన గారేజిలో 1930 నాటి ఫోర్డు మోడల్ ఏ కారు ఉంది. 1927 చివర్లో బజారుకొచ్చి 1931 దాకా తయారైన బండి. నాలుగు సిలిండర్లు, 40 హార్సుపవరు. క్రిందటి చలికాలం ఆ ఇంజనుని ఆయన పూర్తిగా విప్పి మళ్ళీ కూర్చారు. ఆదివారాలు నేనూ, మా ఏడేళ్ళవాడూ చేతిసాయానికి వెళ్ళేవాళ్ళం.

క్రాంక్‌షాఫ్టు వెనక కొసన ఫ్లైవీలు అనే ఇనప చక్రం ఉంటుంది. ఈ కారులో దాని బరువు 60 పౌండ్ల పైమాటే. దాన్ని పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు. బోల్టుని బిగిస్తే అది లోపల వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుందే, ఆ లాగుడే రెండు భాగాలనీ అదిమి పట్టేది. ఇంజను అదురుకి బోల్టు రవ్వంత వెనక్కి తిరిగినా ఆ పట్టు సడలుతుంది. పైగా ఒకసారి మూసేశాక, ఆ బోల్టుల్ని మళ్ళీ చూడాలంటే సగం కారు విప్పాలి. అందుకని వాటి తలల్లో అడ్డంగా సన్నటి బెజ్జాలు వేసి ఉంటాయి. వాటిలో తీగె దూర్చి రెండేసి బోల్టుల్ని జతగా కట్టేస్తారు.

ముందు టార్కు రెంచితో బోల్టుల్ని చెప్పినంతా బిగించాలి. తరువాతే తీగె. మేము వాడింది 0.032 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీలు తీగె. మొదటి బోల్టు తలలోంచి దూర్చి, రెండు కొసల్నీ కలిపి నులక పేనినట్టు పేనాలి, అంగుళానికి 6 నుంచి 8 మెలికలు. తక్కువైతే వదులుగా ఉండి రాసుకుని అరుగుతుంది. ఎక్కువైతే పెళుసెక్కి తెగుతుంది. తరువాత ఒక కొసను రెండో బోల్టు తలలోంచి లాగి, రెంటినీ మళ్ళీ నాలుగైదు మెలికలు పేని, మిగిలింది కత్తిరించి, మొన లోపలికి వంచాలి. లేకపోతే ఎవరి వేలో చీరుకుంటుంది. ఒకసారి విప్పిన తీగె మళ్ళీ పనికిరాదు.

మొదటి జత నాకు అప్పగించారు. గుంటూరు మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్సీ రోజుల్లో కుర్చీకోడుకి దారం కట్టి ముళ్ళు సాధన చేసినవాణ్ణి కదా! మెలికలు చూడముచ్చటగా వచ్చాయి.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. "బాగుంది డాక్. ఇప్పుడు ఈ రెండో బోల్టు విప్పుకోబోయిందనుకోండి. మీ తీగె ఏం చేస్తుంది?"

వేలితో చూపించబోయి ఆగిపోయాను. బోల్టు విప్పుకునే వైపు తిరగబోతే తీగె బిర్రెక్కి ఆపాలి. నేను కట్టిన వైపు అయితే ఇంకా సడలుతుంది! ఆయన ఏమీ అనకుండా కటింగ్ ప్లయరు నా చేతికిచ్చారు. మావాడి కళ్ళెదుటే నా పని నేనే కత్తిరించుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

"తీగె బోల్టుని బిగించదు డాక్. మీరు బిగించింది, మీరు చూడనప్పుడు జారకుండా కాస్తుంది, అంతే" అన్నారు.

ఆ మాటకి నాకొక పేషెంటు గుర్తుకొచ్చింది. కొన్నేళ్ళ క్రితం ఒక పెద్దావిడకి కాలి సిరలో రక్తం గడ్డకడితే, వార్ఫరిన్ మొదలుపెట్టి ఇంటికి పంపాను. మోతాదు సరిగ్గానే రాశాను. నాలుగు రోజుల్లో రక్తపరీక్షకి రమ్మన్నాను. ఆవిడ రాలేదు. రాలేదని నాకు తెలిసే ఏర్పాటు నేను చేసుకోలేదు. రెండు వారాల తరువాత నల్లటి విరేచనాలతో ఎమర్జెన్సీకి వచ్చింది. నాలుగు యూనిట్ల రక్తం ఎక్కించాం. దక్కింది. చీటీలో తప్పేమీ లేదని అందరూ అన్నారు. నిజమే, బోల్టు బిగించే ఉంది.

అప్పటినుంచీ ఆ మందు వాడేవాళ్ళ పేర్లు, పరీక్ష తేదీలు నా బల్లమీద ఒక నోటుపుస్తకంలో ఉంటాయి. రానివాళ్ళకి ఆ సాయంత్రమే ఫోను వెళుతుంది.

మార్చిలో ఆ ఇంజను పలికింది. సీటు అంచుకి జారి కూర్చుని, కాలితో స్టార్టరు తొక్కింది మావాడే.

ఇక మీకొక మాట. దేశంలో మీ అమ్మగారో నాన్నగారో వార్ఫరిన్ వాడుతుంటే, ఈ ఆదివారం ఫోనులో "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగి ఊరుకోకండి. ఎలా ఉన్నా "బాగానే ఉంది నాయనా" అంటారు. "కిందటి రక్తపరీక్ష ఏ తారీఖున చేయించారు? మళ్ళీ ఎప్పుడు?" అని అడిగి, ఆ తారీఖు కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ రోజున మళ్ళీ ఫోను చేయండి.