కంప్యూటర్‌లో చోటు ఎంత కావాలి?

ఒక ఊళ్లో మహిళా పొదుపు సంఘం ఉంది. సంఘం లెక్కలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఎవరు ఎంత పొదుపు చేశారు, ఎవరు ఎంత అప్పు తీర్చారు, అన్నీ అందులోనే.

ఆ కంప్యూటర్‌లో ఉన్నది విండోస్ 10. దానికి కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అందుకని మెకానిక్‌ను పిలిచారు. అతను కంప్యూటర్ చూశాడు.

"దీనికి విండోస్ 11 వేయవచ్చు అక్కా. 64 జీబీ చోటు కావాలి. మీ డిస్క్ 64 జీబీయే. సరిపోతుంది" అన్నాడు.

"మరి మా లెక్కలు ఎక్కడ పెట్టుకోవాలి తమ్ముడూ?" అని లెక్కలు రాసే అక్క అడిగింది.

మంచి ప్రశ్న. మనమూ ఆ లెక్క నేర్చుకుందాం.

విండోస్ అనేది ఆపరేటింగ్ సిస్టమ్. అంటే కంప్యూటర్ చేత పని చేయించే మూల ప్రోగ్రామ్. అది లేనిదే మన లెక్కలు తెర మీదికి రావు. డిస్క్ మన ఇంట్లో గాదె లాంటిది. విండోస్, మన లెక్కలు, ఫొటోలు అన్నీ అందులోనే సర్దుకోవాలి.

చోటును ఎంబీల్లో, జీబీల్లో కొలుస్తారు. 1 జీబీ అంటే సుమారు 1000 ఎంబీ. 1995లో వచ్చిన విండోస్ 95కు 50, 55 ఎంబీ చాలేది. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 64 జీబీ డిస్క్ ఉండాలని కంపెనీయే చెబుతోంది. కనీసం అంటే అంతకు తగ్గకూడదని. అంతతో అన్నీ సరిపోతాయని కాదు.

ఇంకో మాట. కొత్త డిస్క్ మీద 128 జీబీ అని రాసి ఉంటుంది. కంప్యూటర్‌లో చూస్తే 119 జీబీయే కనిపిస్తుంది. ఇది మోసం కాదు. తయారు చేసినవారి కుంచం వేరు, విండోస్ కుంచం వేరు. వారు వెయ్యి చొప్పున కొలుస్తారు. విండోస్ 1024 చొప్పున కొలుస్తుంది.

సంఘం అక్కలు కాగితం మీద ఇలా వేసుకున్నారు:

విండోస్ 11కు – 64 జీబీ
ఇతర ప్రోగ్రాములకు – 10 జీబీ
లెక్కలకు, ఫొటోలకు – 25 జీబీ
ఖాళీగా ఉంచడానికి – 15 జీబీ
మొత్తం – 114 జీబీ

ఖాళీ ఎందుకు? విండోస్‌కు అప్పుడప్పుడు కొత్త మార్పులు వస్తాయి. వాటిని దించుకోవడానికి చోటు కావాలి. చోటు లేకపోతే ఆ పని మధ్యలో ఆగిపోతుంది.

114 జీబీ కావాలి. 64 జీబీ డిస్క్ చాలదు. 128 జీబీ డిస్క్‌లో 119 ఉంది. సరిపోతుంది. అక్కలు అదే వేయించారు.

అంతకు ముందే ఒక పని చేశారు. లెక్కలన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. దాన్ని వేరే కంప్యూటర్‌లో పెట్టి, తెరిచి చూసుకున్నారు. ఎందుకంటే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేటప్పుడు డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. అందులో ఉన్నవి అందరి కష్టార్జితం లెక్కలు కదా!

లెక్క వేయండి

ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు 25 జీబీ కావాలి. మిగతావన్నీ పై లెక్క ప్రకారమే. మొత్తం ఎంత అవుతుంది? 64 జీబీ డిస్క్ సరిపోతుందా?