ఖరీదైన బేస్ గిటార్ కొనడం అవసరమా?

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. అక్కడి రైల్వే ఉద్యోగి ఇంట్లో ఎవరైనా బేస్ గిటార్ నేర్చుకోదలిస్తే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ధర.

1951లో లియో ఫెండర్ సంస్థ విడుదల చేసిన ప్రెసిషన్ బేస్ నమూనాయే నేటికీ అనేక బేస్ గిటార్లకు ఆధారం. చౌకదైనా, ఖరీదైనదైనా నాలుగు తీగల వాద్యంలో మందపాటి తీగను సాధారణంగా శ్రుతి చేసేది సెకనుకు సుమారు 41 కంపనాలకే. ధర పెరిగితే మేలైన కలప, బిరడలు, పికప్‌లు, పనితనం లభిస్తాయి. అయితే ధర రెట్టింపైనంత మాత్రాన నాదం రెట్టింపు మెరుగుపడదు.

బిలాస్‌పూర్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వర్షాకాలంలో గాలిలో తేమ పెరుగుతుంది. ఈ మార్పులకు గిటార్ మెడ కొద్దిగా వంగి, తీగల ఎత్తు మారుతుంది. మెడలోని ఉక్కు కడ్డీని బిగించి లేదా వదులు చేసి ఆ వంపును సరిచేయవచ్చు. మెలి తిరిగిన మెడను బాగుచేయడం మాత్రం కష్టం. కనుక కొనేముందు మెడ తిన్నగా ఉన్నదీ లేనిదీ, ప్రతి మెట్టు వద్ద స్వరం శుద్ధంగా పలుకుతున్నదీ లేనిదీ పరీక్షించాలి.

చిన్న స్పీకర్లు మంద్ర స్వరాలను సరిగా పలికించలేవు. అందువల్ల ఈ పరీక్షలో నెగ్గిన మధ్యస్థ ధర వాద్యాన్ని ఎంచుకొని, మిగిలిన సొమ్మును మంచి యాంప్లిఫయర్‌కు వెచ్చించడం మేలు.