వంపు తిరిగిన గుర్రం, మైనంలో నిలిచిన మెట్లు

వయొలిన్‌లో తీగ ఆనుకొనే ఆధారపు అంచు సన్నగా ఉండి, తీగ కంపనాన్ని ఒక్క బిందువు దగ్గర నిలిపివేస్తుంది. సరస్వతీ వీణలో ఆ ఏర్పాటు వేరు; కుండ మీద నిలిపిన గుర్రం, అనగా తీగలను మోసే చెక్క పీట, తన తలపై వెడల్పైన లోహపు పలకను ధరించి ఉండగా, ఆ పలక పైభాగం కంటికి ఆననంత స్వల్పమైన వంపుతో మెట్లవైపుకు వాలుతుంది. వీణకు నాదం ఇచ్చేది పనసకర్ర అని సాధారణంగా చెబుతారు గాని, ఆ నాదానికి జీవం పోయడంలో కర్రకంటె ఈ వంపుకే ఎక్కువ భాగం ఉన్నదనడం అతిశయోక్తి కాదు.

తీగను మీటినప్పుడు ప్రాథమిక స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల అనుస్వరాలు కూడా పుడతాయి. ఏ అనుస్వరానికైనా తీగ మీద కదలిక లేని స్థానాలు, అనగా అస్పందన బిందువులు ఉంటాయి. సరిగ్గా అటువంటి బిందువు దగ్గర మీటితే ఆ అనుస్వరం పుట్టదని థామస్ యంగ్ సూత్రీకరించాడు. ఆ లెక్కన తీగను నట్టనడుమ మీటితే రెండవ, నాలుగవ, ఆరవ అనుస్వరాలు వినబడకూడదు. వీణ, తంబురలు ఈ నియమానికి లొంగవని 1921లో సి.వి. రామన్ భారతీయ తంత్రీ వాద్యాలపై రాసిన పత్రంలో చూపాడు. ఆయన భార్య లోకసుందరి వీణ వాయించేవారు కనుక, పరిశోధనకు ఎన్నుకున్న ఈ వాద్యం ఆయనకు పరాయిది కాదు.

నియమం తప్పడానికి కారణం గుర్రమే. కంపించే తీగ కిందికి దిగినప్పుడు వంపు వెంబడి పలక మీద కొంత మేర పరుచుకొంటుంది, పైకి లేచినప్పుడు పలక నుంచి క్రమంగా విడివడుతుంది. అందువల్ల తీగ కంపించే పొడవు ప్రతి కంపనంలోనూ రవ్వంత తగ్గి, మళ్లీ పెరుగుతుంది. ఈ ఒరిపిడిలో ప్రాథమిక స్వరపు శక్తి కొంత పై అనుస్వరాలకు మళ్లుతూ ఉంటుంది కనుక, మీటు పుట్టించని స్వరాన్ని గుర్రం పుట్టిస్తుంది. తంబురలో తీగకూ గుర్రానికీ నడుమ దూర్చే నూలుపోగు, తీగ పలకను ఒరుసుకొనే చోటును సవరించడానికి ఉద్దేశించినదే.

ఏళ్ల తరబడి వాయించిన వీణలో తీగలు పలక మీద సన్నని గాళ్లు కోస్తాయి. గాడిలో కూరుకున్న తీగ వంపును తాకవలసిన తీరున తాకదు కనుక, స్వరం పొడిబారడమో, లేక రొద చేయడమో జరుగుతుంది. అప్పుడు బాగుచేసేవారు తీగలను వదులుచేసి, పలకను ఆకురాయితోనూ తరువాత మెత్తని గరుకు కాగితంతోనూ రుద్ది, గాళ్లు పోయినాక వంపును తిరిగి దిద్దుతారు. రెండుసార్లు రుద్దడం, తీగ బిగించి మీటి వినడం, మళ్లీ రుద్దడం తప్ప ఇందులో మరొక కొలత లేదు; ఒక్క రాపిడి ఎక్కువైతే వంపు చదునై మళ్లీ మొదటికి వస్తుంది.

మెట్ల సంగతి కూడా ఇటువంటిదే. లెక్క ప్రకారమైతే ఒక్కొక్క అర్ధస్వరానికి తీగ పొడవు సుమారు 5.6 శాతం తగ్గాలి; తీగ దండి పైకొసన ఆనుకొనే మేరువు నుంచి గుర్రం వరకు పొడవు 80 సెంటీమీటర్లనుకుంటే మొదటి మెట్టు మేరువుకు 4.5 సెంటీమీటర్ల దూరంలో, పన్నెండవది సరిగ్గా సగంలో, ఇరవైనాలుగవది గుర్రానికి 20 సెంటీమీటర్ల దూరంలో పడతాయి. మొదటి మెట్టు ఒక మిల్లీమీటరు జరిగితే కలిగే అపస్వరంకంటె, చివరి మెట్టు అంతే జరిగితే కలిగేది దాదాపు నాలుగింతలు. అయితే తీగను మెట్టుకు నొక్కినప్పుడు తన్యత పెరిగి స్వరం కొద్దిగా హెచ్చుతుంది, ఆ హెచ్చు తీగ మందాన్ని, మెట్టుకు పైన తీగ ఉన్న ఎత్తును బట్టి మారుతుంది, పైగా వంపు గుర్రం దగ్గర తీగ ఎక్కడ ముగుస్తుందో కచ్చితంగా గీత గీసి చూపలేము. కనుక ఇక్కడ లెక్క దారి చూపుతుందే తప్ప గమ్యం చేర్చదు. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండి పొడవునా రెండు గట్లుగా పోసి, వాటి మీద మెట్లను అమర్చే పద్ధతికి ఉన్న బలం ఇదే: మైనం మెత్తబడితే మెట్టును ముందుకూ వెనుకకూ జరపవచ్చు, ఎత్తునూ సవరించవచ్చు. ఎండలు ముదిరినప్పుడు మెట్లు తమంతట తామే జరగడం దీనికి చెల్లించవలసిన మూల్యం. మేళం వేయడమని పిలిచే ఈ మెట్ల అమరిక పనిని అనుభవం గలవారు చెవితోనే చేస్తారు.

మెట్లను స్థిరంగా ఉంచాలా, రాగాన్ని బట్టి మార్చాలా అనే వివాదం పాతది. అళియ రామరాయల ఆశ్రయంలో 1550లో స్వరమేళకళానిధి రచించిన రామామాత్యుడు ఒకే రాగానికి మెట్లు అమర్చిన వీణనూ, అన్ని రాగాలకూ పనికివచ్చే వీణనూ వేరువేరుగా వర్ణించాడు. స్థిరమైన 24 మెట్ల వీణ తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో నిలదొక్కుకున్నదని సంప్రదాయం. తరువాతి కథ త్వరగా చెప్పదగినదే: బొబ్బిలిలో ఒకే పనస దుంగ నుంచి తొలిచే ఏకాండి వీణలు పేరు పొందాయి, నూజివీడులోనూ తయారీ సాగింది, ఇటీవల మైనానికి బదులు మరలతో మెట్లను బిగించే వీణలూ వచ్చాయి. మరలు ఎండకు జరగవు గాని, అటువంటి వీణల్లోనూ గుర్రం మీది పలకను దిద్దడానికి ఆకురాయి పట్టక తప్పదు.